పాత టోపో షీటుతో చిక్కమగళూరు

బెంగళూరు మారతహళ్ళిలోని మా తెలుగు మిత్రబృందం చిక్కమగళూరు ప్రయాణానికి ఈసారి హోటళ్ళ రేటింగుల కంటే ముందు పాత సర్వే పటాలను, అంటే నేల ఎత్తుపల్లాలను చూపే టోపో షీట్లను చూసింది. దేశాన్ని గళ్ళుగా విడదీసి ఒక్కోదానికి అంకె, అక్షరం ఇచ్చే సర్వే ఆఫ్ ఇండియా విభజనలో చిక్కమగళూరు 48 ఓ షీటులోకి, దక్షిణాన ఉన్న కొడగు 48 పి లోకి వస్తాయి. మైలుకు అంగుళం కొలతతో గీసిన పాత షీట్లలో ఎత్తులు అడుగుల్లో ఉంటాయి కనుక మీటర్ల కోసం 0.3048తో గుణించుకోవాలి.

బస ఎంపికలో ఈ షీటు బాగా అక్కరకొచ్చింది. ముళ్ళయ్యనగిరి పాదాల చెంతనే ఉన్నామని ప్రకటించుకున్న ఒక హోమ్‌స్టేకు, శిఖరానికి మధ్య కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) దట్టంగా ముసిరిన ఒక గట్టు అడ్డంగా ఉందని పటం చెప్పింది. వెళ్ళి చూస్తే వరండాలోంచి ఆ గట్టు తప్ప ఏమీ కనబడలేదు, అద్దె మాత్రం శిఖరదర్శనం ధరలోనే ఉంది. మేము దిగినది వాగు పక్కనున్న తోట బంగళాలో. గదులు పాతవి, వేడినీళ్ళు ఆలస్యమే, కానీ పొద్దున్నే పెట్టిన అక్కిరొట్టె, ఫిల్టర్ కాఫీ ఆ లోటు తీర్చాయి. అరబికాకు 1,000 నుంచి 1,500 మీటర్లు, రొబస్టాకు 500 నుంచి 1,000 మీటర్ల ఎత్తు అనుకూలం. అందుకే షీటులో సుమారు 3,300 అడుగుల (దాదాపు 1,000 మీటర్ల) గీత వెంట వేలు పోనిస్తే ఏ తోటలో ఏ కాఫీ ఉండవచ్చో చాలావరకు ఊహించవచ్చు.

1,930 మీటర్ల ముళ్ళయ్యనగిరికి జీపు తీసుకోవడమే మేలు, బేరం మాత్రం ముందే తేల్చుకోవాలి. దగ్గర్లోని కొండ విడిది కెమ్మణ్ణుగుండి ప్రశాంతంగా ఉంది, భోజనం సాధారణం.

పాత షీటును దారికోసం నమ్మకండి. కొండలు, వాగులు కదలవు గానీ కాలిబాటలు తోటల కంచెల్లో కలిసిపోతాయి. పైగా ఆ పటాలు ఎవరెస్ట్ గోళాభాన్ని (భూమి ఆకారానికి వేసిన పాత లెక్కను) ఆధారం చేసుకున్నవి, జీపీఎస్ లెక్క వేరు కావడంతో ఫోను జీపీఎస్ చూపే చోటు షీటు మీద నూరు మీటర్లకు పైగానే పక్కకు పడుతుంది. లోయ అంచున అది చిన్న తేడా కాదు.

పటాలు కావలసినవారు టెక్సాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఉచితంగా ఉంచిన, అమెరికా సైన్యం 1950లలో ముద్రించడం మొదలుపెట్టిన 1:250,000 కొలత (పటంలో ఒక సెంటీమీటరుకు నేలపై రెండున్నర కిలోమీటర్లు) పటాలతో ఆరంభించవచ్చు. అయితే బస వెతకడానికి ఆ కొలత చాలదు, గట్లూ వాగులూ విడివిడిగా కనబడే 1:50,000 (సెంటీమీటరుకు అర కిలోమీటరు) షీటే తీసుకోండి.