గోధుమ పడనివాళ్ల సీమ యాత్ర: సంగటి దొరికినా జాగ్రత్త తప్పదు

సీలియాక్, అంటే గోధుమలోని గ్లూటెన్ పడని పేగు జబ్బు, ఉన్నవాళ్లు ఇల్లు దాటి తినాలంటే రాయలసీమ మంచి చోటే. సంగటి, జొన్నరొట్టె, ఉగ్గాని, కొర్రన్నం, చెనిక్కాయల (వేరుశనగల) ఊరిబిండి పచ్చడి... గోధుమతో పనే లేని వంటలు ఇక్కడ బోలెడు. ఆ ధీమాతో వచ్చి మూడోరోజుకల్లా కడుపుబ్బరంతో, విరేచనాలతో లాడ్జిలో పడుకునేవాళ్లూ ఉంటారు. వంటకంలో గోధుమ లేకపోయినా చపాతీ కాల్చిన పెనం మీంచి, మైసూరు బోండా వేగిన నూనెలోంచి, సాంబారులోని ఇంగువలోంచి అది వచ్చి చేరుతుంది. కర్నూలు నుంచి మంత్రాలయం, మహానంది, యాగంటి, బెలుం, గండికోట, కడప మీదుగా లేపాక్షి దాకా వెళ్లేవాళ్లకు ఎక్కడ ఏది నమ్మొచ్చో చెప్పడానికే ఇది.

ముందు లెక్క తెలియాలి. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ప్యాకెట్ మీద వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం. ఎక్కువమంది పేగు రోజుకు 10 మిల్లీగ్రాముల వరకు తట్టుకుంటుందంటారు. మైదాలో సుమారు పదోవంతు గ్లూటెనే. అంటే గ్రాములో పదోవంతు పిండి, పీట మీద తుడవకుండా వదిలేసిన చిటికెడు, ఆ రోజు కోటాకు సరిపోతుంది. కొందరికి ఏ బాధా తెలియదు, పేగు మాత్రం లోపల దెబ్బతింటూనే ఉంటుంది. ‘నిన్న తిన్నా ఏం కాలేదు’ అన్న మాటకు అందుకే విలువ లేదు.

మన దగ్గర పెద్ద చిక్కు మంచితనం నుంచే వస్తుంది. ‘ఒంట్లో బాగాలేదు, చూసి పెట్టన్నా’ అంటే హోటలాయన అన్నం తీసేసి చపాతీ పెడతాడు. పేషెంటు అనగానే షుగర్ గుర్తొస్తుంది, షుగర్ అంటే చపాతీ, గోధుమరవ్వ ఉప్మా. జ్వరం అంటే బ్రెడ్డు, హార్లిక్స్. జబ్బు మనిషికి మనవాళ్లు ప్రేమగా పెట్టేదంతా గోధుమా, బార్లీయే. కాబట్టి జబ్బు పేరు ఎత్తొద్దు, గ్లూటెన్ మాట అసలే వద్దు. ‘గోధుమ పడదు, కొంచెం తగిలినా ఆసుపత్రే’ అనండి. ‘అలర్జీ’ అన్న మాట సాంకేతికంగా సరికాదు గానీ వంటింట్లో అదే పనిచేస్తుంది. మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా గోధుమవేనని చాలామంది వంటవాళ్లకు తట్టదు. వాటిని విడివిడిగా అడగాలి. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో ఇలా రాసుకోండి: ‘గోధుమ, మైదా, బొంబాయి రవ్వ, సేమ్యా, బార్లీ, ఇంగువ, సోయా సాస్ వద్దు. చపాతీ కాల్చిన పెనం, బోండాలు వేసిన నూనె, వాటిలో పెట్టిన గరిటె వద్దు. అన్నం తినొచ్చు.’ చివరి మాట తప్పక ఉండాలి, లేకపోతే మళ్లీ చపాతీయే వస్తుంది. మంత్రాలయం, హిందూపురం వైపు కన్నడ మాట్లాడే వంటవాళ్లుంటారు, అక్కడ ‘గోధి’ అంటే అర్థమవుతుంది. కడప, కర్నూలు బిర్యానీ హోటళ్లలో ‘గేహూఁ’ అనండి.

ఇంగువ సంగతి విడిగా చెప్పాలి. డబ్బాలో వచ్చే ఇంగువపొడి అచ్చమైన ఇంగువ కాదు, జిగురులోనూ పిండిలోనూ కలిపి చేస్తారు. ఆ పిండి చాలా వాటిలో మైదా, కొన్నిటిలో బియ్యప్పిండి. హోటలు వంటింట్లో ఏ డబ్బా వాడుతున్నారో చూపించమంటే చూపిస్తారు, వెనకాల చిన్న అక్షరాలు చదవాలి. చదవడం కుదరకపోతే సాంబారు, చారు, పులిహోర, కారంపొడులు వదిలేయండి. పప్పు తినాలంటే తిరగవాతలో ఇంగువ వేశారా అని అడగండి. చాలా హోటళ్లలో పప్పుకు వెల్లుల్లి తిరగవాతే పెడతారు, కానీ అడగకుండా తినొద్దు.

కర్నూలులో పొద్దున టిఫినుకు ఉగ్గానిని మించింది లేదు. బొరుగులు నీళ్లలో ముంచి, నీళ్లు పిండేసి, ఉల్లి, టమాట, పసుపుతో కలిపి పైన పుట్నాలపొడి చల్లుతారు. ఇందులో గోధుమకు చోటే లేదు. పక్కన పెట్టే మిరపకాయ బజ్జీతోనే తంటా. బజ్జీ శనగపిండిదే, కానీ అదే బాణలిలో అరగంట ముందు మైసూరు బోండాలు వేగి ఉంటాయి, అవి మైదావి. పూరీ కూడా ఆ నూనెలోనే. నూనె కాగినంత మాత్రాన గ్లూటెన్ పోదు. ఉగ్గాని ఒక్కటే, వేరే పళ్లెంలో, బజ్జీ పెట్టకుండా ఇవ్వమనండి. బజ్జీ పెట్టి తీసేసిన పళ్లెం వద్దు.

సాయంత్రం రోడ్డు పక్కన కట్టెల పొయ్యి మీద ఆడవాళ్లు చేసే జొన్నరొట్టె చూసి తెలుసుకోదగ్గది. వేడినీళ్లతో పిసికి చేత్తో తట్టిన జొన్నరొట్టె అంచులు పగులుతాయి, చల్లారాక మడిస్తే విరుగుతుంది. గంట తర్వాత కూడా చపాతీలా మెత్తగా మడత పడుతుంటే గోధుమపిండి కలిపారేమో అనుకోవాల్సిందే. విరగకుండా రావడానికి కలిపేవాళ్లుంటారు. తట్టేటప్పుడు కింద చల్లుకునే పిండి కూడా చూడండి. జొన్నపిండే చల్లుతూ, ఆ పెనం మీద రొట్టె తప్ప మరేమీ కాల్చకపోతే అది పెద్ద హోటలు కంటే నమ్మకమైన చోటు. పిండి మాత్రం మరలో ఆడించిందే అయి ఉంటుంది. ముందు గోధుమలు ఆడిన మరలో తర్వాత జొన్నలు పోస్తే మొదటి కిలోలకు ఆ పిండి అంటుతుంది. పేగు ఇంకా మానని కొత్త రోగులూ పిల్లలూ బయటి జొన్నరొట్టె, సంగటి మానేసి అన్నంతో సరిపెట్టుకోవడమే మంచిది.

బిర్యానీ చూడటానికి వట్టి అన్నమే, అయినా రెండు చోట్ల జాగ్రత్త పడాలి. దమ్ము వేసేటప్పుడు డేక్సా మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అతికిస్తారు. అది కాలి గట్టిపడి, మూత తీసేటప్పుడు పెళ్లలు పెళ్లలుగా అంచు వెంట అన్నంలో రాలుతుంది. గుడ్డ చుట్టి, పైన బరువు పెట్టే చోటైతే ఆ భయం లేదు. రెండోది రంజాన్ నెల. హలీములో గోధుమ ఉంటుంది, ఆ గరిటెలూ పాత్రలూ బిర్యానీకీ తిరుగుతాయి. చికెన్ 65, గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్ జోలికి పోవద్దు. మైదా, సోయా సాస్ లేకుండా అవి దాదాపు ఉండవు.

మంత్రాలయం, మహానంది, యాగంటి, అహోబిలం వంటి క్షేత్రాల్లో అన్నదానం పంక్తిలో తెల్లన్నం, మజ్జిగ నమ్మొచ్చు. మొదటి పంక్తికి వెళ్తే గరిటెలు కలవక ముందే అన్నం పడుతుంది. సేమ్యానో గోధుమనూకో వేసిన పాయసం విస్తరి మీద పడకుండా చెయ్యి అడ్డం పెట్టాలి, ఆకు మీద అది పారిందంటే అన్నం పోయినట్టే. రవ్వకేసరి ప్రసాదం కళ్లకద్దుకుని పక్కవాళ్లకు ఇవ్వండి. బసకు ఈ క్షేత్రాల్లో కులసత్రాలు, దేవస్థానం గదులు ఉన్నాయి. సత్రంలో పెద్ద లాభం ఏమిటంటే వంటమనిషితో నేరుగా మాట్లాడొచ్చు. ముందురోజే ఫోను చేసి, పొద్దున అన్నం వార్చగానే ఒక గిన్నెడు విడిగా తీసి పెట్టమంటే పెడతారు. మన గిన్నె మనం ఇవ్వడం ఇంకా మేలు.

బెలుం గుహలు 3,229 మీటర్లు, అందులో జనం తిరిగేది ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్క, చెమట. ఖాళీ కడుపుతో దిగొద్దు, బయటికొచ్చాక దొరికేవి బిస్కెట్లూ సమోసాలే అనుకుని ముందే తిని వెళ్లండి. గండికోట ఇంకా ఒంటరి చోటు, జమ్మలమడుగు పదిహేను కిలోమీటర్లు. అక్కడ టూరిజం శాఖ హరిత హోటలు ఉంది, గుడారాల బసలూ ఉన్నాయి. గుడారంవాళ్లు రాత్రి భోజనం ఎక్కడినుంచో తెప్పిస్తారు, ఆ వంటింటిని మీరు చూడలేరు. సీలియాక్ ఉన్నవాళ్లకు గుడారం కన్నా కరెంటు ప్లగ్గు ఉన్న గదే మేలు. ఈ మజిలీకి చిన్న రైస్ కుక్కర్ మోసుకెళ్లాల్సిందే.

ఒకటిన్నర లీటరు కుక్కరులో సంగటి బాగానే వస్తుంది. అర కప్పు బియ్యం కడిగి, మూడు కప్పుల నీళ్లు, ఉప్పు వేసి పెట్టండి. మెతుకు పూర్తిగా మెత్తబడి, పైన ఇంకా నీళ్లు గుబగుబమంటున్నప్పుడు ముప్పావు కప్పు రాగిపిండి మధ్యలో కుప్పగా పోయాలి, కలపకూడదు. మూతపెట్టి ఎనిమిది నిమిషాలు ఉంచి, ప్లగ్గు తీసి, కట్టె తెడ్డుతో అంచుల నుంచి లోపలికి గట్టిగా తిప్పండి. తొందరపడి ముందే కలిపితే ఉండలు కడతాయి, లోపల పచ్చిపిండి మిగులుతుంది. చేతులు తడిచేసుకుని ముద్దలు కట్టడమే. ఇద్దరికి చాలుతుంది. పిండి ఇంటి దగ్గరే, రాగులు కడిగి, ఎండబెట్టి, మిక్సీలో పట్టుకున్నదై ఉండాలి. ఊరిబిండి కూడా ఇంట్లోంచే తెచ్చుకుంటే రెండు రోజులకు చింత లేదు. నీళ్లు పోయకుండా రుబ్బితేనే నిలుస్తుంది. హోటలు గదిలో వాళ్ల కెటిల్ వాడొద్దు, అందులో నూడుల్స్ ఉడికించినవాళ్లు ముందే వచ్చి ఉంటారు.

కడప, ప్రొద్దుటూరు అంటే ఎర్రకారం దోసె. మనసు లాగుతుంది గానీ దోసె పెనాన్ని దగ్గరగా చూడండి. నీళ్లు చల్లి, పొట్టి చీపురుతో ఊడ్చి, మళ్లీ పిండి పోస్తారు. రవ్వదోసెకూ, గోధుమదోసెకూ, పరోటాకూ అదే పెనం, అదే చీపురు. ఆ చీపురు ఊడ్చేది ఒక మూలకే, పెనం అంతటికీ పూసేది కూడా అదే. దోసె ఒక్కటే చేసే బండి దొరికితే తినండి. పిండిలో మైదా, రవ్వ కలపలేదని అడిగాకే. లేదంటే ఇడ్లీ మేలు, ఆవిరి మీద వేరే పాత్రలో ఉడుకుతుంది. రవ్వ ఇడ్లీ కూడా చేసే చోట మాత్రం అదీ వద్దు. ఒంటిమిట్టకు కడప నుంచి పాతిక కిలోమీటర్లే కాబట్టి కడపలో బస పెట్టుకుని పొద్దున తిని వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రావొచ్చు.

అనంతపురం వైపు తినుబండారాల అంగట్లో అరిసెలు, మురుకులు, నిప్పట్లు (చెక్కలు) పక్కపక్కనే ఉంటాయి. నిప్పట్లలో మైదానో రవ్వో కలిపేది మామూలే. ఓళిగలు (బొబ్బట్లు), కజ్జికాయలు సరేసరి. అరిసె బియ్యప్పిండిదే, కానీ కజ్జికాయలు వేగిన నూనెలోనే వేగుతుంది. చెనిక్కాయల చిక్కీ, బెల్లం బొరుగుల ఉండలు తీసుకోండి. పుట్టపర్తి ఆశ్రమంలో దక్షిణాది, ఉత్తరాది, పాశ్చాత్య భోజనాలకు క్యాంటీన్లు వేర్వేరు. చపాతీల వంటిల్లు దూరంగా ఉండటం పెద్ద వెసులుబాటు, అందుకే దక్షిణాది వైపే వెళ్లండి. లేపాక్షిని అక్కడి నుంచో హిందూపురం నుంచో ఒక పూటలో చూసి రావడం మంచిది.

ఎక్కడైనా పొరపాటున తగిలితే విరుగుడు మాత్ర ఏదీ లేదు. ఓఆర్ఎస్, అన్నం గంజి, ఒక రోజు విశ్రాంతి. ‘గ్లూటెన్ కరిగిస్తుంది’ అని అమ్మే ఎంజైము మాత్రలు మింగి పూరీ తినే సాహసం చేయొద్దు.

తిరుగు ప్రయాణానికి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందేభారత్ అనంతపురం, కర్నూలులో ఆగుతుంది. టికెట్ తీసుకునేటప్పుడే భోజనం వద్దని పెట్టొచ్చు, డబ్బూ తగ్గుతుంది. వాళ్లిచ్చే పళ్లెంలో చపాతీ, అన్నం పక్కపక్కనే సర్ది ఉంటాయి. స్టేషనుకు వచ్చేముందు బజార్లో పావుకిలో బొరుగులు, నాలుగు అరటిపండ్లు కొని, ఇంటి నుంచి తెచ్చిన పుట్నాలపొడి సీసా పైసంచిలో పెట్టుకోండి.