చిత్తడి నేలల చదువు: ఆన్‌లైన్ మాస్టర్సా, క్యాంపస్ మాస్టర్సా, ఏది మేలు?

సిస్టమ్స్ ఎకాలజీ, ఎకలాజికల్ ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ చేద్దామనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. "చెరువులు, చిత్తడి నేలల గురించిన చదువు కదా, లాప్‌టాప్ ముందు కూర్చుని ఎలా నేర్చుకుంటాం?" అడగాల్సిన ప్రశ్నే. నేను ఉద్యోగం చేస్తూ ఈ చదువు ఆన్‌లైన్‌లో చదివాను. తర్వాత క్యాంపస్‌లో చదివి వచ్చినవాళ్లతో కలిసి కొన్నేళ్లు పనిచేశాను. వాళ్లకు సులువుగా వచ్చి నాకు రానివీ, నాకు వచ్చి వాళ్లు తడబడినవీ దగ్గర నుంచి చూశాను కాబట్టి చెబుతున్నాను.

ముందు పేరు చూడండి, అందులోనే రెండు చదువులున్నాయి. సిస్టమ్స్ ఎకాలజీ అంటే ఒక చెరువునో అడవినో మొత్తం ఒక వ్యవస్థగా చూడటం: శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ నిలవ ఉంటోంది, ఎక్కడ ఖర్చవుతోంది. ఈ చూపును నిలబెట్టినవాడు అమెరికా ఎకాలజీ శాస్త్రవేత్త హోవర్డ్ టి. ఓడమ్. ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటనీటి ప్రవాహంలో సూర్యరశ్మి నుంచి నాచు, చేపల దాకా శక్తి లెక్క కట్టి 1957లో ప్రచురించాడు. ఎకలాజికల్ ఇంజినీరింగ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చిందీ ఆయనే, 1960ల మొదట్లో. ఈ రెండోది కట్టే విద్య: మురుగునీటిని శుభ్రం చేసే చిత్తడి నేల తయారుచేయడం, పాడైన వాగును మళ్లీ బతికించడం, మనిషికీ ప్రకృతికీ ఇద్దరికీ పనికొచ్చేలా. 1973లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఓడమ్ చిత్తడి నేలల కేంద్రం పెట్టాక ఈ రెండూ ఒకే గూటికి చేరాయి. సైప్రస్ చెట్ల చిత్తడుల్లోకి శుద్ధి చేసిన మురుగునీటిని వదిలి, ఆ చెట్లూ మట్టీ దాన్ని ఎలా పీల్చుకుంటాయో అక్కడ ఏళ్ల తరబడి చూశారు.

ఆన్‌లైన్‌కు మొదటి సగం చాలా బాగా సరిపోతుంది. ఒక మాట ముందుకెళ్లి, క్లాసులో కంటే బాగా సరిపోతుందనే అంటాను. ఓడమ్ గీసిన శక్తి బొమ్మలు చూశారా? వృత్తం అంటే బయటి నుంచి శక్తి వచ్చే చోటు, ట్యాంకు ఆకారం అంటే నిలవ, షట్కోణం అంటే తిని బతికేది, కిందికి దిగే బాణం అంటే వేడిగా పోయేది. ఒక్కో బొమ్మ వెనక ఒక సమీకరణం ఉంటుంది. ట్యాంకులోకి వచ్చేది ఎంత, ఉన్నదానిలో ఎన్నో వంతు బయటికి పోతోంది, అంతే. కానీ రెండు ట్యాంకులు కలిపి, ఒకదాని నుంచి ఇంకొకదానికి తిరుగు బాణం గీయగానే ఆ వ్యవస్థ మనం ఊహించని తీరులో నడుస్తుంది. ఇది వింటే అర్థమయ్యేది కాదు. ఎక్సెల్‌లోనో పైథాన్‌లోనో మన చేత్తో రాసి, ఒక అంకె మార్చి, గ్రాఫు ఎందుకలా వంకర తిరిగిందో రాత్రి పదకొండింటికి తల పట్టుకుని ఆలోచిస్తే అర్థమయ్యేది. పాఠం ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ వినే వీలు అక్కడ గొప్ప వరం. ఎమర్జీ లెక్కలు, అంటే ఒక వస్తువు తయారవడానికి వెనక నుంచి ఖర్చయిన శక్తినంతా సూర్యశక్తి కొలతలోకి మార్చి చూడటం, వాటి మీద ఇప్పటికీ వాదోపవాదాలు నడుస్తున్నాయి. అలాంటివాటిని తీరుబడిగా చదివి, రాతలో వాదించుకోవడమే మంచిది.

చిక్కంతా రెండో సగంతోనే.

ఒక ఉదాహరణ చూడండి. చిత్తడి నేలలో కాలుష్యం ఎంత తగ్గుతుందో లెక్కకట్టే అతి సులువైన సూత్రం, ఏ క్షణానికి ఎంత మిగిలి ఉంటే అందులో రోజుకు ఇంత వంతు వేగంతో ఆగకుండా తగ్గుతుందని అనుకోవడం. ఆ రేటు రోజుకు 0.2 అనుకుని నీటిని 5 రోజులు నిలవ ఉంచితే మిగిలేది 37 శాతం. 10 రోజులు ఉంచితే 14 శాతంలోపే. హోంవర్కులో ఇది రెండు నిమిషాల పని, పూర్తి మార్కులు వస్తాయి. ఇప్పుడు అదే లెక్కతో తవ్విన నిజమైన గుంట దగ్గరికి వెళ్లండి. లోపలికి వచ్చే తూము దగ్గర రంగు కలిపి వదిలి, అవతలి తూము దగ్గర కూర్చోండి. 5 రోజులు నిలవాల్సిన నీళ్లలో కొంత భాగం మర్నాటి ఉదయానికే ఆ రంగుతో బయటికి వచ్చేస్తుంది. జమ్ము గుబురుగా పెరిగిన చోట నీరు కదలక, పలచగా ఉన్న పక్కన దారి చేసుకుని పారిపోయింది. మూలల్లో ఉన్న నీరు మాత్రం వారం దాటినా అక్కడే ఉంది. సూత్రం తప్పు కాదు. గుంట ఆకారం, మొక్కల దుబ్బులు, అడుగున పూడిక, ఇవన్నీ సూత్రంలో లేవు. ఆ రంగు నీళ్లు ఒక్కసారి కళ్లతో చూసినవాడు ఇంకెప్పుడూ పొడవు, వెడల్పు, తూము చోటు చూడకుండా డిజైన్ గీయడు. క్యాంపస్‌లో చదివినవాళ్లు దీన్ని మొదటి సెమిస్టర్‌లోనే చూసి ఉన్నారు. నేను ఉద్యోగంలో చూశాను, అదీ ఒకసారి డిజైన్ గీసేశాక.

మట్టి సంగతీ అంతే. ఆగర్‌తో, అంటే మట్టి తోడే బరమాతో, ఒక జానెడు లోతు నుంచి మట్టి తోడితే పైన నల్లగా, కింద బూడిద రంగులో వస్తుంది. ఆ బూడిద రంగు మధ్యలో, వేళ్లు దిగిన దారుల వెంబడి, తుప్పు రంగులో సన్నటి చారలుంటాయి. నీళ్లు నిలిచి గాలి ఆడని చోట ఇనుము కరిగి కొట్టుకుపోయింది కాబట్టి బూడిద రంగు. మొక్క తన వేళ్ల ద్వారా ఆక్సిజన్ దింపిన చోట మాత్రం ఇనుము తుప్పై అక్కడే నిలిచింది. కొన్నిచోట్ల కుళ్లిన గుడ్ల వాసన కూడా వస్తుంది, అంటే అక్కడి సూక్ష్మజీవులు సల్ఫేటును సల్ఫైడ్‌గా మార్చేదాకా వెళ్లాయన్నమాట. స్లైడ్ మీద ఇదంతా నేను చదివాను, పరీక్షలోనూ రాశాను. కానీ మట్టి ముద్దను చేతిలో విరిచి ఆ చారను చూసేదాకా దాన్ని గుర్తుపట్టలేకపోయాను.

అలాగని ఆన్‌లైన్‌లో ఫీల్డ్ పని ఉండదని కాదు. మంచి కోర్సుల్లో ఉంటుంది, పనిచేసేది మీకు దగ్గర్లో ఉన్న నీళ్ల మీద. మాకిచ్చిన ఒక పని ఇలా ఉంది: ఏదో ఒక చెరువో కుంటో ఎంచుకుని, ఒక పగలూ ఒక రాత్రీ గంటగంటకూ నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలవాలి. ఓడమ్ 1956లో పారే నీళ్లకు చూపించిన పద్ధతే. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, గీత పైకి పోతుంది. రాత్రి అన్నీ ఊపిరి పీల్చుకోవడమే, గీత కిందికి దిగుతుంది. సాయంత్రం 6 గంటలకు లీటరుకు 9.2 మిల్లీగ్రాములుండి, తెల్లారి 6 గంటలకు 3.2 ఉందనుకోండి. 12 గంటల్లో 6 తగ్గింది, గంటకు సగం మిల్లీగ్రాము. నీటికీ గాలికీ మధ్య వచ్చిపోయే ఆక్సిజన్ కూడా సరిచూసుకుంటే, ఆ చెరువు రోజుకు ఎంత తింటోందో, ఎంత వండుకుంటోందో మీ చేతిలో ఉంటుంది. ఒక్క మీటరు, ఒక్క గడియారం, ఒక్క రాత్రి నిద్ర. ఇంతకంటే తక్కువ ఖర్చుతో ఒక వ్యవస్థ నాడి పట్టుకోవడం నాకు తెలిసి ఇంకోటి లేదు.

అయితే ఆ రాత్రి నా రీడింగులన్నీ తప్పొచ్చాయి. నా దగ్గర ఉన్నది పాత రకం మీటరు, నీళ్లలో ముంచే ప్రోబ్ కొసన పలచటి పొర ఉంటుంది. కొలిచేటప్పుడు ఆ పొర దగ్గరున్న ఆక్సిజన్‌ను అదే వాడేసుకుంటుంది, కాబట్టి నీళ్లలో మెల్లగా కదుపుతూ ఉండాలి. నేను కదపకుండా పట్టుకుని, అంకె నిలిచేదాకా చూస్తూ కూర్చున్నాను. అంకె పడిపోతూనే ఉంది. చెరువు చచ్చిపోతోందేమోనని భయపడ్డాను. రిపోర్టు పంపాక నాలుగు రోజులకు ట్యూటర్ నుంచి జవాబు వచ్చింది, ప్రోబ్ కదిపారా అని. ఇంకో రాత్రి మళ్లీ కూర్చున్నాను. క్యాంపస్‌లో అయితే పక్కనున్న సీనియర్ ఒక్క మాట అనేవాడు, "కదుపు" అని. ఆ ఒక్క మాటకూ నాలుగు రోజులకూ మధ్య ఉన్న దూరమే ఈ రెండు చదువులకూ మధ్య ఉన్న అసలు తేడా అని ఇప్పటికీ అనుకుంటాను.

క్యాంపస్‌లో ఇంకొకటి దొరుకుతుంది, కాలం. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విలియం మిట్ష్ బృందం ఒక్కో హెక్టారు చొప్పున రెండు చిత్తడి గుంటలు తయారుచేసింది. 1994లో ఒకదానిలో 13 రకాల మొక్కలు నాటారు, రెండోదాన్ని వదిలేశారు. రెండింటిలోకీ ఒకే నది నీళ్లు వదిలారు. మూడేళ్లు తిరిగేసరికి పనితీరులో రెండూ చాలావరకు ఒకేలా తయారయ్యాయి. ప్రకృతి తన డిజైన్ తానే గీసుకుంటుందన్న మాటకు అందరూ చూపించే ప్రయోగం ఇదే. నాటిన మొక్కల ప్రభావం తర్వాత కూడా కొన్ని విషయాల్లో కనిపించిందన్న చర్చా ఉంది. అలాంటి చోట చదివే విద్యార్థి తనకంటే ముందు పదేళ్లు, ఇరవయ్యేళ్లు తీసిన రీడింగుల మీద తన రీడింగు కలుపుతాడు. ఆన్‌లైన్ విద్యార్థికి ఆ అంకెలు ఫైల్‌గా వస్తాయి. గట్టు మీద నిలబడి ఈ ఏడు నీళ్లు ఎందుకు తగ్గాయని ఎవరినైనా అడిగే అవకాశం రాదు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. థీసిస్‌తో క్యాంపస్‌లో చేసేవాళ్లకు ప్రాజెక్టు నుంచో బోధన నుంచో స్టైపెండ్ దొరికే అవకాశం ఉంటుంది, కానీ ఉద్యోగం వదులుకోవాలి. ఆన్‌లైన్‌లో ఫీజు ఎక్కువగా మన జేబులోంచే పోతుంది, జీతం మాత్రం ఆగదు. ఆన్‌లైన్ మాస్టర్స్ చాలావరకు థీసిస్ లేనివి. తర్వాత పీహెచ్‌డీ చేసే ఆలోచన గట్టిగా ఉంటే ఆ ఒక్క కారణంతోనే క్యాంపస్ వైపు వెళ్లండి.

బయాలజీ నుంచి వచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. ఈ చదువులో ఇంజినీరింగ్ అన్న మాట ఊరికే లేదు. కాలిక్యులస్, డిఫరెన్షియల్ సమీకరణాలు, ద్రవాల గతిశాస్త్రం రాకపోతే రెండో నెలలోనే టెన్షన్ మొదలవుతుంది. పైగా మాస్టర్స్ ఒక్కటే చేస్తే చాలాచోట్ల ఇంజినీరుగా డిజైన్ మీద సంతకం పెట్టే హక్కు రాదు, అది మీ మొదటి డిగ్రీని బట్టి ఉంటుంది. అంత దూరం ఆలోచించనివాళ్లు మూడు నాలుగు కోర్సుల సర్టిఫికెట్‌తో మొదలుపెట్టొచ్చు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఆ క్రెడిట్లు తర్వాత మాస్టర్స్‌లో కలుస్తాయి. చేరేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

నా తీర్పు ఇది. మీరు ఇప్పటికే నీళ్లతోనో నేలతోనో పనిచేసే ఉద్యోగంలో ఉంటే, అంటే మురుగునీటి శుద్ధి, సాగునీరు, అటవీ శాఖ, పర్యావరణ సలహా సంస్థ ఏదైనా సరే, ఆన్‌లైనే మేలు. బురద మీ దగ్గరే ఉంది, మీకు కావాల్సింది దాన్ని చదివే చూపు. వారంలో నేర్చుకున్న మోడల్‌ను వచ్చే వారం మీ సైటు మీదే పెట్టి చూడొచ్చు. ఈ సౌకర్యం క్యాంపస్ విద్యార్థికి లేదు. డిగ్రీ అయిపోగానే, ఇంకా ఏ గట్టూ తొక్కకుండా ఈ రంగంలోకి వస్తున్నవాళ్లయితే క్యాంపస్‌కే వెళ్లండి. మోడళ్లు తర్వాతైనా నేర్చుకోవచ్చు. చేతికి మట్టి అలవాటు కావడానికి మాత్రం పక్కన మనిషి కావాలి.

రెండింటికీ మధ్యన ఎటూ తేల్చుకోలేకపోతే, ఆన్‌లైన్ కోర్సు నడిపేవాళ్లను రెండు ప్రశ్నలు అడగండి. క్యాంపస్‌కు వచ్చి వారమో పది రోజులో ఫీల్డ్‌లో పనిచేసే ఏర్పాటు ఉందా? ఫీల్డ్ పని పంపితే ఎన్ని రోజుల్లో జవాబిస్తారు, ఇచ్చేది ఎవరు? మొదటిదానికి ఉందని, రెండోదానికి రెండు రోజుల్లోపు అని, ఇచ్చేది స్వయంగా ఫీల్డ్‌లో పనిచేసిన మనిషేనని చెబితే, ధైర్యంగా ఫీజు కట్టండి.