తేలికపాటి బర్మారు రైఫిలుకు ఎంత మందు పోయాలి: చాలా ఏళ్ల వాడకం తర్వాత

అమెరికాలోని పెన్సిల్వేనియాలో చాలా ఏళ్లుగా నేను వాడుతున్న రైఫిలు 0.50 కాలిబరుది, అంటే గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం; గొట్టం 24 అంగుళాలు, బరువు దాదాపు 6 పౌన్లు. మన ఊళ్లలోని బర్మారు తుపాకీలాగే దీనికీ మూతి వైపు నుంచే మందు పోసి గుండు దట్టించాలి, కాకపోతే దీని గొట్టంలో గుండును తిప్పడానికి 48 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే మెలిక గాళ్లున్నాయి. మోసుకుని తిరిగేటప్పుడు హాయినిచ్చే ఈ తేలికదనమే పేల్చేటప్పుడు భుజానికి గట్టి దెబ్బగా తగులుతుంది.

సుమారు 177 గ్రెయిన్ల (గ్రెయిను అంటే దాదాపు 0.065 గ్రాము) గుండ్రటి సీసపు గుండును నూనెగుడ్డలో చుట్టి, 50 నుంచి 60 గ్రెయిన్ల ఎఫ్‌ఎఫ్‌జి (మధ్యరకం పలుకు) నల్లమందుతో పేల్చినప్పుడే 50 గజాల దగ్గర నా గుండ్లు ఒకచోట చేరాయి. 80 గ్రెయిన్లకు వెళితే దెబ్బకు ముందే భుజం బిగుసుకుని గురి చెదురుతుంది. గొట్టంలోని ఘనపు అంగుళానికి 11.5 గ్రెయిన్లన్న పాత లెక్క ప్రకారం ఈ గొట్టానికి 54 వస్తుంది. అది భద్రతకు హద్దు కాదు, మందు వృథా కాకుండా కాలే మోతాదు మాత్రమే. పైగా గుండ్రటి గుండు గాలిలో త్వరగా వేగం కోల్పోతుంది కనుక, అదనపు మందు వల్ల 100 గజాల దగ్గర మిగిలే లాభం స్వల్పం. బరువైన కోసుగుండుకు (మొనదేలిన పొడవాటి గుండుకు) ఈ మోతాదులు వర్తించవు.

భద్రత విషయంలో నేను రాజీపడను. గరిష్ఠ మోతాదుకు తయారీదారు ఇచ్చిన పుస్తకమే ప్రమాణం, అందులో అనుమతించని మందు ఏదీ వాడకూడదు. పొగరాని ఆధునిక మందు పోస్తే గొట్టం పేలిపోతుంది. పైరోడెక్స్ వంటి, నల్లమందుకు బదులు వాడే ప్రత్యామ్నాయాలను తూకంతో కాక, నల్లమందు కొలిచే కొలపాత్రతోనే కొలవాలి. గొట్టంలో నిప్పురవ్వ మిగిలి ఉండవచ్చు కాబట్టి మందుబుడ్డి నుంచి నేరుగా ఎన్నడూ పోయరాదు. గుండుకూ మందుకూ మధ్య ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. అందుకే దట్టించే కడ్డీ మీద, నా మామూలు మోతాదుకు గుండు పూర్తిగా దిగినప్పుడు ఎంతవరకు వస్తుందో అక్కడ గీత పెట్టుకున్నాను, ప్రతిసారీ చూస్తాను.

నల్లమందు కాలితే సగానికి పైగా ఘనమైన మసిగానే మిగులుతుంది. 50 గ్రెయిన్లతో ఆ పేరుకోవడం నెమ్మదిస్తుంది కానీ ఆగదు, కనుక రెండు పేల్పుల మధ్య తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తాను.