61 గ్రాముల ఫిల్టర్: రెండు వానాకాలాలు వాగు నీళ్లు తాగాక

నా శాంపిల్‌ను నేనే మైక్రోస్కోప్ కింద పెట్టుకుని చూసుకున్న రోజు రాత్రి ఈ ఫిల్టర్ ఆర్డర్ చేశాను. హనుమకొండలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో పదిహేడేళ్లుగా టెక్నీషియన్‌ని. ఎవరి కడుపులో ఏముందో చూసి చెప్పడమే నా పని. అంతకు పది రోజుల ముందు ఏటూరునాగారం అవతల ఒక వాగు దగ్గర, గుట్టల మీది నుంచి వచ్చే నీళ్లకు ఏమవుతుందిలే అని దోసిళ్లతో తాగాం. ఆరుగురం వెళ్తే నలుగురికి కడుపు చెడింది. కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులు, తిన్నది తిన్నట్టే పోవడం. స్లైడ్ మీద సెలైన్ చుక్క వేసి చూస్తే, రాలే ఆకులా ఊగుతూ, రెండు కళ్లేసుకుని నావైపే చూస్తోంది జియార్డియా, పేగుల్లో చేరే పరాన్నజీవి. పక్క టేబుల్ అమ్మాయి "ఎవరిదక్కా?" అంది. "ఎవరో పేషెంట్‌ది" అన్నాను.

జులై వచ్చిందంటే మా ల్యాబ్ ముందు చెప్పులు విడవడానికి చోటుండదు. టైఫాయిడ్, కామెర్లు, విరేచనాలు. అన్నీ తెలిసి కూడా తాగాను చూడండి, అదీ నా తెలివి.

మా గుంపు పెద్దదేమీ కాదు. నేను, మా ఆడపడుచు, వాళ్లాయన, ఒక టీచర్ స్నేహితురాలు. ఎప్పుడైనా ఇంకో ఇద్దరు కలుస్తారు. నెలకో ఆదివారం ములుగు, భూపాలపల్లి వైపు వెళ్తాం. దామరవాయి రాకాసి గుళ్లు, ముల్లకట్ట వంతెన దాటి వాజేడు పక్క అడవి, ఎక్కడికైనా అటవీ శాఖ వాళ్లు సరేనన్న దారిలోనే, ఊళ్లో ఒకరిని తోడు తీసుకునే. రోజంతా ఆ ఉక్కలో నడిస్తే మనిషికి మూడు నాలుగు లీటర్లు కావాలి. లీటరంటే కిలో. పొద్దున వీపుకెత్తుకున్నప్పుడు తెలియదు, మధ్యాహ్నానికి మోకాళ్లు చెబుతాయి. ఎండాకాలం పాండవుల గుట్టలకైతే మోయక తప్పదు, అక్కడ వడకట్టడానికి నీళ్లుంటే కదా. వాగులు పారే రోజుల్లో మాత్రం ఆ బరువంతా దండగే.

ల్యాబ్‌లో తూకం ఉంది కాబట్టి దొరికినవన్నీ తూచాను. చిన్న గ్యాస్ స్టవ్, డబ్బా, గిన్నె కలిపితే 712 గ్రాములు. మరగబెట్టడాన్ని మించింది లేదని నాకూ తెలుసు. నీళ్లు తెర్లి పొంగాక ఒక్క నిమిషం ఆగితే చాలు, బ్యాక్టీరియా, వైరస్, జియార్డియా ఏదీ బతకదు. కానీ అంత బరువు మోసి, మరిగించి, చల్లారేదాకా నాలుక బయటపెట్టుకుని కూర్చోవాలి. కట్టెలు పెట్టి కాచుకుందామంటే అభయారణ్యంలో నిప్పు రాజేయడం నేరం.

మా టీచరమ్మ దగ్గర అతినీలలోహిత కాంతి పెన్ను ఉంది, 140 గ్రాములు. నీళ్లలో ముంచి లీటరుకు తొంభై సెకన్లు తిప్పాలి. వైరస్‌లను కూడా దెబ్బతీస్తుంది. చెడ్డ వస్తువేం కాదు. అయితే కాంతి నీళ్లలోకి దూరితేనే దాని పని. మన వానాకాలపు వాగు పాలెక్కువైన చాయ్‌లా ఉంటుంది. బురద రేణువు చాటున నక్కిన క్రిమికి ఆ వెలుగు తగలదు. చలికాలం తేట నీళ్లకు పెన్ను, వానాకాలానికి కాదు.

గొట్టంలా నోట్లో పెట్టుకుని పీల్చే రకం కూడా తూచాను. బరువు పేచీ లేదు. కానీ వాగు ఒడ్డున బోర్లా పడుకుని తాగాలి, లేదా గిన్నెలో ముంచుకుని పీల్చాలి. సీసాలో నింపి వెంట తీసుకెళ్లడానికుండదు. మోకాళ్ల నొప్పులున్న మా అన్నయ్యను (ఆడపడుచు భర్త) వంగమంటే వంగుతాడు, లేవడానికే ఇద్దరు కావాలి.

మిగిలింది పిండే ఫిల్టర్. సంచిలో నీళ్లు ముంచి, మూతి దగ్గర ఫిల్టర్ బిగించి పిండితే అవతలి నుంచి మంచి నీళ్లు వస్తాయి. ఈ రకంలో సాయర్ మినీ పేరు ఎక్కువగా వినపడుతుంది, 57 గ్రాములు. నేను కొన్నది అదే తరహాది, వేరే కంపెనీది, 2,100 రూపాయలు. పేరు రాయను. ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

పొడిగా ఉన్నప్పుడు 61 గ్రాములు, తడిశాక 79. పోగుల్లో ఇరుక్కున్న బురదను వెనక్కి కొట్టి కడగడానికి వెంట తీసుకెళ్లాల్సిన సిరంజి ఇంకో 30. ప్యాకెట్ మీద ఆ సిరంజి బరువు కలపరు, మనమే కలుపుకోవాలి. లోపల సేమియా పోగుల్లాంటి సన్నని గొట్టాల కట్ట ఉంటుంది. వాటి గోడల్లో రంధ్రాలు 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నీళ్లలో ఉండే జియార్డియా సిస్టు (పెంకు కట్టుకున్న రూపం) 8 నుంచి 12 మైక్రాన్లు. అంటే బోడకాకరకాయను చాయ్ జాలీలోంచి దూర్చమన్నట్టు. ఈ.కోలి బ్యాక్టీరియా ఎంత సన్నగా ఉన్నా అర మైక్రాన్ మందం ఉంటుంది, అదీ దూరదు. ఇంతవరకు కంపెనీ చెప్పింది నిజమే.

మొదటి రోజు తేట నీళ్లతో లీటరు రెండు నిమిషాల్లో వచ్చింది. జులైలో ఎర్రనీళ్లు పోసిన రోజు చూడాలి దాని సంగతి. మొదటి లీటరు నాలుగు నిమిషాలు, మూడో లీటరు తొమ్మిది. ఆ మూడో లీటరుకు మా అన్నయ్య గట్టిగా పిండితే సంచి అతుకు పట్‌మని ఊడి, బురద నీళ్లన్నీ ఆయన చొక్కా మీద పడ్డాయి. ఇంటి దాకా ఎవరూ నవ్వలేదు, ఇంటికొచ్చాక ఆగలేదు. అప్పటి నుంచి ఆ సంచి వాడటం లేదు. లీటరుంబావు కూల్‌డ్రింక్ సీసా మూతికి ఫిల్టర్ మర సరిగ్గా పట్టింది. పలచటి మంచినీళ్ల సీసాల్లో కొన్నిటికి పట్టలేదు, పక్కల నుంచి కారింది. బయల్దేరే ముందే ఇంట్లో బిగించి చూసుకోండి.

ఈ బురదకు మందు మాత్రం కంపెనీ దగ్గర దొరకలేదు, మాకు దారి చూపించిన కుర్రాడి తాత దగ్గర దొరికింది. నేను వాగులో సీసా ముంచబోతుంటే ఆయన ఆపాడు. "అట్ల ముంచుకుంటరా బిడ్డా? గా బురదకు నీ మిషిని ఏం జేస్తది, ఆగు." వాగు అంచుకు రెండు బారల దూరంలో ఇసుకలో చేతులతోనే మూరెడు లోతు చెలిమె తోడాడు. మొదట ఊరిన నీళ్లు చిప్పతో తోడి పారబోశాడు. రెండోసారీ పారబోశాడు. మూడోసారి ఊరినవి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టేంత తేట. ఆ నీళ్లు ఫిల్టర్‌లో పోస్తే మళ్లీ రెండు నిమిషాల లీటరు. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్లో చెలిమె నీళ్లు నేనూ తోడాను. 2,100 పెట్టి సేమియా పోగులు కొనేసరికి అది మరిచిపోయాను.

అన్నిచోట్లా ఇసుక ఉండదు కదా. రాళ్ల వాగైతే వేరే సీసాలో నీళ్లు పట్టి అరగంట కదలకుండా ఉంచి, పైతేటను నాలుగు మడతల కాటన్ దస్తీలోంచి వంచండి. మా అమ్మమ్మ చిల్లగింజ అరగదీసి కడవలో కలిపేది, బురద అడుక్కు దిగేది. నా దగ్గర చిల్లగింజ లేదు, పటిక ముక్క ఉంది. దాన్ని నాలుగు చుట్లు తిప్పితే పని జరుగుతుంది.

తేటగా ఉన్నవన్నీ మంచి నీళ్లు కావు, ఇది నా వృత్తి నేర్పింది. మలం కలిసిన నీళ్లను పట్టించే వైల్స్, అంటే చిన్న పరీక్ష సీసాలు, దొరుకుతాయి. నీళ్లు పోసి వెచ్చగా ఉంచితే, పేగుల్లోంచి వచ్చే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ వదిలి లోపలి కాగితాన్ని నల్లగా మారుస్తుంది. నాలుగు వైల్స్ నింపుకొచ్చి, సార్‌ను అడిగి ఇంక్యుబేటర్ మూలన పెట్టాను. నేరుగా వాగులోంచి పట్టింది మర్నాడు పొద్దుటికే కాటుకలా అయింది. చెలిమె నీళ్లది సాయంత్రానికి నల్లబడింది. తాతతో ఇంకా చెప్పలేదు. చెలిమె నీళ్లు ఫిల్టర్ చేసిన మొదటి వైల్ రెండు రోజులైనా మారలేదు. రెండోది నల్లబడింది! ఫిల్టర్ చెడిందనుకుని గుండె గుభేలుమంది. తర్వాత గుర్తొచ్చింది, ఆ సీసా నింపేటప్పుడు నా తడి చేతి నుంచి వాగు నీళ్లు ఫిల్టర్ మూతి మీదుగా జారాయి. ఒక్క చుక్క చాలు. ఇప్పుడు ముంచే సీసాకు ఎర్ర దారం కట్టాను, తాగే సీసాకు లేదు. ముంచే పని ఒకరిది, పట్టుకునే పని ఇంకొకరిది.

క్లోరిన్ కలిపిన నీళ్లను ఇలా పరీక్షించి "చూశారా తెల్లగా ఉంది" అని మురిసిపోవద్దు. మిగిలిన క్లోరిన్ వైల్‌లో కూడా పనిచేస్తూనే ఉంటుంది, ఫలితం నమ్మలేం. ఇంకో మాట, ఈ వైల్స్ వైరస్‌ల గురించి ఏమీ చెప్పవు.

అసలు భయం వాటితోనే. కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వైరస్ 0.03 మైక్రాన్ కూడా ఉండదు. 0.1 మైక్రాన్ రంధ్రం దానికి దర్వాజా. మనుషుల జాడే లేని మంచుకొండల్లో నడిచేవాళ్లకు ఫిల్టర్ ఒక్కటే చాలునేమో. మన వాగుల పైన ఊళ్లున్నాయి, పశువులున్నాయి, పొద్దున్నే చెంబు పట్టుకుని వెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. అందుకే ఫిల్టర్ చేశాక క్లోరిన్ బిళ్ళ ఒకటి వేస్తాను. పది బిళ్ళల అట్ట 9 గ్రాములు. అరగంట ఆగాలి. బిళ్ళ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇంకో తంటా ఉంది. బురద, కుళ్లిన ఆకులు క్లోరిన్‌ను తినేస్తాయి, క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్‌కు లొంగదు. దాన్ని ఫిల్టర్ ఆపుతుంది. ఫిల్టర్ ఆపలేనిదాన్ని బిళ్ళ చంపుతుంది. రెండూ కలిపి సిరంజితో సహా నూట ఇరవై గ్రాముల లోపే.

బిళ్ళ విషయంలో నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి. వానాకాలం ఇంటింటికీ పంచే బిళ్ళల అట్ట ఒకటి ఉంటే అదే బ్యాగులో వేసుకుని వెళ్లి, లీటరు సీసాలో ఒకటి వేశాను. మూత తీస్తే స్విమ్మింగ్ పూల్. కళ్లజోడు పెట్టుకుని చూస్తే అట్ట మీద "20 లీటర్లకు ఒకటి" అని ఉంది. ఆ నీళ్లతో అందరం చేతులు కడుక్కున్నాం. లీటరుకు సరిపడే చిన్నవి వేరే దొరుకుతాయి, అట్ట చదివి కొనండి. వాసన పడనివాళ్లు నిమ్మకాయ పిండుకోవచ్చు, అది క్లోరిన్‌ను విరిచేస్తుంది. కానీ అరగంట అయ్యాకే. ముందే పిండితే బిళ్ళ వేసీ వేయనట్టే.

ఈ రెండూ చేయలేని పని ఒకటుంది. పురుగుమందులు ఈ ఫిల్టర్‌కు ఆగవు, బిళ్ళకు చావవు. మిరప, పత్తి చేల కింద పారే వాగు నీళ్లు ఎంత తేటగా ఉన్నా నేను ముట్టను. పొలాలు దాటి పైకి నడిచాకే సీసా ముంచుతాం. అందాకా మోసుకెళ్లిన లీటరే గతి.

ఇప్పుడు మా అమ్మ సంగతి. మొదటి ఫిల్టర్ చచ్చింది ఆమె చేతిలోనే. వాగు నుంచి రాగానే కడిగి వంటింట్లో పెడితే, నీళ్ల సామాను కదా అని తీసుకెళ్లి ఫ్రీజర్‌లో పెట్టింది. లోపల నీళ్లు గడ్డకడితే ఆ పోగులు చిట్లిపోతాయి. బయటికి ఏమీ కనిపించదు, నీళ్లు ఇంకా ధారగా వస్తాయి, అదే ప్రమాదం. తడి ఫిల్టర్‌ను నీళ్లలో ముంచి మురికి వైపు నుంచి సిరంజితో మెల్లగా గాలి నొక్కాను. బాగున్నదైతే గాలి దాటదు. బుడగలు గలగలా వచ్చాయి. మళ్లీ 2,100. అమ్మను ఏమనగలం, మల్లూరు గుట్ట నుంచి చింతామణి ధార నీళ్లు సీసాలో పట్టుకొచ్చి ప్రతి ఏడూ నా నోట్లో పోసే మనిషి. ఆ సీసా దగ్గరికి మాత్రం నేను వైల్ తీసుకెళ్లలేదు.

రెండోదాన్ని బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే రెండు నెలలకు రాయిలా బిగుసుకుంది. మా బోరు నీళ్ల ఉప్పు గిన్నెల మీద తెల్లగా ఎలా కడుతుందో తెలుసుగా, పోగుల్లోనూ అంతే. తెల్ల వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి సిరంజితో వెనక్కి కొడితే తెరుచుకుంది. ఇప్పుడు చివరిసారి కడగడం ఆర్‌వో నీళ్లతోనే.

ఫిల్టర్‌కు ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ అర తగ్గింది సంచి అతుక్కి, ఒకటి పోయింది "అన్ని క్రిములనూ తొలగిస్తుంది" అని ప్యాకెట్ మీద రాసుకున్నందుకు. బిళ్ళలకు ఐదుకు ఐదు. చెలిమెకు మార్కులు వేసే అర్హత నాకు లేదు.

పోయిన నెల మళ్లీ అదే వాగుకు వెళ్తే తాత కనిపించాడు. ఫిల్టర్ చేసిన నీళ్లు గ్లాసులో పోసిచ్చాను. పుక్కిలించి తాగి "మంచిగనే ఉన్నయ్ గని, సప్పగున్నయ్ బిడ్డా" అన్నాడు. బ్యాగులో ఆ 20 లీటర్ల బిళ్ళల అట్ట ఇంకా మిగిలే ఉంది. వైల్ సంగతి అప్పుడు చెప్పాను. కాసేపు చెలిమె వైపు చూసి, అట్ట తీసుకుని ధోవతి మడతలో దోపుకున్నాడు. ఇంట్లో కోడలు బాలింతట. బిందెకు ఎన్ని వేయాలని రెండుసార్లు అడిగాడు. ఇరవై లీటర్లు పట్టే బిందెకు ఒకటే తాతా, అరగంట ఆగి తాగండి అన్నాను.