నాచు గీకడానికి ఏ బ్లేడ్ మేలు: కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెసా, ప్లాస్టిక్కా?

మా చేపల ట్యాంక్ మూడడుగులది. 36 అంగుళాల పొడవు, 15 వెడల్పు, 18 ఎత్తు, అంచు దాకా పోస్తే 159 లీటర్లు పడతాయి. హబ్సిగూడలో రెండో అంతస్తు మాది, హాల్లో జాగా అదొక్కటే ఉందని దాన్ని పడమటి కిటికీకి ఎదురుగా పెట్టాను. ఎంత తెలివితక్కువ పనో మార్చిలో తెలిసింది. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ సూటిగా గాజు మీదే పడేది, ఏప్రిల్ వచ్చేసరికి ముందు గాజంతా ఆవాలు చల్లినట్టు పచ్చచుక్కలు. స్పాంజి పెట్టి రుద్దితే స్పాంజి చిరిగింది గానీ ఒక్క చుక్క కదల్లేదు. అప్పటినుంచి ఈ రెండేళ్లలో మూడు రకాల బ్లేడ్లు, గాజుకి లోపలా బయటా అంటుకుని తుడిచే మాగ్నెట్ క్లీనర్ ఒకటి, నాన్న ఇచ్చిన ఒక దిక్కుమాలిన సలహా, అన్నీ వాడి చూశాను.

బ్లేడ్ కొనే ముందు మీ గాజు మీద ఉన్నది ఏమిటో గోటితో గీకి చూడండి. కొత్త ట్యాంక్‌లో మొదటి ఒకటి రెండు నెలలు గోధుమరంగు పొరలా వచ్చేది డయాటమ్ అనే నాచు, దానికి వేలు చాలు, బ్లేడ్ దండగ. పచ్చటి పొడిలా పట్టేది ఇంకొకటి ఉంటుంది, అదీ తుడిస్తే పోతుంది, కాకపోతే నాలుగు రోజుల్లో మళ్లీ తయారు. గోటికి గట్టిగా తగిలి, గోరు జారిపోతుంటే మాత్రం అది గ్రీన్ స్పాట్ అనే మొండి నాచు, ఈ గోలంతా దాని గురించే. ఇక నీటి అంచు దగ్గర తెల్లగా, గరుగ్గా ఒక గీత కడుతుంది చూశారూ, అది నాచే కాదు, బోరు నీళ్లలో ఉన్న సున్నం. మా అపార్ట్‌మెంట్‌లో కృష్ణా నీళ్లు రాని రోజు బోరు నీళ్లే గతి కాబట్టి మాకు అది బాగా అలవాటు. దానికి బ్లేడ్ అరగదీసుకోకుండా, నీళ్లు మార్చేటప్పుడు మట్టం కిందికి దింపి, గుడ్డ మీద కాస్త వెనిగర్ వేసి పది నిమిషాలు గాజుకి అంటించి ఉంచితే మెత్తబడి వచ్చేస్తుంది. వెనిగర్ ట్యాంక్ నీళ్లలో కారకుండా చూసుకుని, తర్వాత తడిగుడ్డతో తుడిచెయ్యాలి.

ఇప్పుడు కార్బన్ స్టీల్. మొదటి బ్లేడ్ కోసం రాణీగంజ్ వెళ్లాను, హార్డ్‌వేర్ షాపులన్నీ అక్కడే కదా. పెయింటర్లు కిటికీ అద్దాల మీద పడ్డ రంగు చుక్కలు గీకే స్క్రేపర్ కావాలని అడిగితే షాపాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "పెయింటింగ్ పనా అన్నా?" అన్నాడు. చేపల తొట్టికి అన్నా. "గట్లయితే గిది తీస్కో, మస్త్ గీకుతది, గని నీళ్లల్ల పెట్టి మర్చిపోకు" అని ఒక వైపే పదును ఉన్న బ్లేడ్ల ప్యాకెట్ చేతిలో పెట్టాడు. ఆ చివరి మాట నేను వినిపించుకోలేదు.

ఈ బ్లేడ్ మందం సుమారు 0.23 మిల్లీమీటర్లు, వెడల్పు అంగుళంన్నర. వీపున మడిచిన రేకు ఉంటుంది కాబట్టి నొక్కినా వంగదు, అసలు సంగతంతా ఆ వంగకపోవడంలోనే ఉంది. గాజుకి తడి ఉండగా, బ్లేడ్‌ని బాగా వాలుగా, 30 డిగ్రీల దగ్గర పట్టుకుని ఒకే దిక్కుకి తోస్తే చుక్క కిందికి పదును దూరి దాన్ని మొత్తంగా ఎత్తేస్తుంది. మొదటిసారి చేసినప్పుడు టిక్, టిక్ అని చిన్న చప్పుడు, ఒక్కో చుక్క పెళ్లలా లేచి నీళ్లలో గింగిరాలు తిరుగుతూ కిందికి దిగడం, వెనకాల గప్పీ చేపలు అది తిండేమోనని నోట పెట్టుకుని ఉమ్మేయడం, అరగంట కూర్చుని అదే చూశాను. నెలన్నర పట్టిన చుక్కలు పది నిమిషాల్లో పోయాయి.

రెండు జాగ్రత్తలు. కొత్త బ్లేడ్లకి తుప్పు పట్టకుండా సన్నగా నూనె పూసి ఉంటుంది, టిష్యూతో రెండుసార్లు తుడిచి, కడిగి గానీ నీళ్లలో పెట్టకూడదు. పని అయ్యాక మాత్రం వెంటనే కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. నేను మొదటి ఆదివారం స్క్రేపర్‌ని తడిగానే స్టాండ్ కింద పడేసి క్రికెట్ చూస్తూ కూర్చున్నా, వచ్చే ఆదివారం తీస్తే అంచంతా నారింజరంగు, పదును చేత్తో తాకితే రంపంలా ఉంది. తుప్పు పట్టిన అంచుతో గాజు మీద గీకడం ఎవరూ చెయ్యొద్దు. ఇప్పుడైతే చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు నాలుగు ఒక ప్లాస్టిక్ డబ్బాలో వేసి బ్లేడ్లు అందులోనే ఉంచుతున్నా.

స్టెయిన్‌లెస్ కథ వేరు. అక్వేరియం షాపుల్లో పొడుగు పిడితో అమ్మే స్క్రేపర్లకి ఎక్కువగా ఇదే వస్తుంది. చెయ్యి తడవకుండా అడుగుదాకా అందుతుంది, మర్చిపోయి బకెట్‌లో వదిలేసినా కొంప మునగదు. మొదటి రెండు వారాలు నాకు తేడానే తెలియలేదు, కార్బన్ బ్లేడ్ కొని తప్పు చేశానా అనిపించింది కూడా. మూడో వారం నుంచి అదే చుక్క మీద రెండుసార్లు, నాలుగుసార్లు తోయాల్సి వచ్చింది. నా చేతికి వచ్చిన స్టెయిన్‌లెస్ బ్లేడ్ల పదును కార్బన్ వాటికంటే తొందరగా మొద్దుబారింది, మొద్దుబారిన కొద్దీ మనం ఎక్కువ నొక్కుతాం, పొడుగు పిడి చివర ఎక్కువ నొక్కితే బ్లేడ్ ఒక పక్కకి ఒరిగి మూల గాజుకి గుచ్చుకుంటుంది. అదీ దాంతో ఇబ్బంది. పైగా స్టెయిన్‌లెస్ అంటే ఎప్పటికీ తుప్పు పట్టదని అనుకోకండి, ఉప్పునీటి ట్యాంక్‌లో ఉంచేస్తే అదీ మచ్చలు పడుతుంది. అయినా మెరైన్ ట్యాంక్ ఉన్నవాళ్లకి నా ఓటు దీనికే, ఉప్పునీళ్లలో కార్బన్ బ్లేడ్ ఒక్క రాత్రి కూడా ఆగదు.

"బ్లేడ్ పెడితే గాజు గీతలు పడదా?" అని పై ఫ్లోర్ సార్ అడిగారు, అందరూ అడిగేదే. మోస్ కొలతలో మామూలు గాజు గట్టిదనం 5.5 దగ్గర, స్టీల్ బ్లేడ్ కూడా అటూ ఇటూగా అక్కడే. అంచు శుభ్రంగా, వాలుగా ఉంటే గాజు మీద జారిపోతుంది. ట్యాంక్ అడుగున ఉన్న ఇసుక క్వార్ట్జ్, దాని గట్టిదనం 7. బ్లేడ్‌కీ గాజుకీ మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కితే చాలు, ముందు గాజు మీద జీవితాంతం కనపడే గీత. అందుకే ఇసుకకి అంగుళం పైనుంచి మొదలుపెట్టి పైకే తోస్తాను, కిందికి లాగను. మా ట్యాంక్‌కి ఎడమ పక్క ఉన్న జానెడు గీత బ్లేడ్ వల్ల పడింది కాదు, మాగ్నెట్ క్లీనర్ వల్ల. మాగ్నెట్ కింద ఇసుక చిక్కినా బయటినుంచి మనకి కనపడదు, హాయిగా తిప్పుకుంటూ పోతాం, కర్రుమని చప్పుడు వినిపించేసరికి అయిపోయింది. రోజూ ఒకసారి పైపైన తుడవడానికి మాగ్నెట్ బాగుంటుంది, మొండి చుక్కలకి దాని వల్ల కాదు.

ట్యాంక్ గాజుది కాక యాక్రిలిక్‌ది అయితే ఈ లెక్కలన్నీ మర్చిపోండి. యాక్రిలిక్ అంటే గాజులా కనపడే ప్లాస్టిక్, గాజుకంటే చాలా మెత్తన, స్టీల్ ఏదైనా గీతలు పెడుతుంది, అక్కడ ప్లాస్టిక్ బ్లేడ్ ఒక్కటే దారి.

ప్లాస్టిక్ అంటే ప్రత్యేకంగా కొనాల్సిన పని కూడా లేదు. నాకైతే పని చెయ్యడం మానేసిన పాత మెట్రో కార్డు ఉంది, అదే వాడుతున్నా. కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, అంచు నలుచదరంగా ఉంటుంది, చేతికి బాగా పడుతుంది, తెగుతుందన్న భయం లేదు, పిల్లలకి ఇచ్చినా ఆదివారం పని అయిపోతుంది. వారానికోసారి గీకే అలవాటు ఉంటే, చుక్క గట్టిపడక ముందే, ఈ కార్డు చాలు. మూడు వారాలు దాటిన చుక్క మీద మాత్రం కార్డు అంచే గుండ్రంగా అరిగిపోతుంది, చుక్క నవ్వుతూ అక్కడే ఉంటుంది. అరిగాక కత్తెరతో అంచు రెండు మిల్లీమీటర్లు కత్తిరిస్తే మళ్లీ కొత్తది. మూలల్లో సిలికాన్ పక్కన కూడా నేను దీన్నే వాడతాను, ఎందుకంటే స్టీల్ బ్లేడ్ సిలికాన్‌కి తగిలితే వెన్నలో దిగినట్టు దిగుతుంది, అంచు కొద్దిగా లేచినా దాని కిందికి నాచు పాకుతుంది, ఇంకాస్త లోతుగా తెగితే కింది ఫ్లోర్ వాళ్లు వచ్చి తలుపు కొడతారు. మూలకి ఒక సెంటీమీటర్ దూరంలో స్టీల్ ఆగిపోవాలి.

నాన్న సలహా అన్నాను కదా. "ఒరేయ్, వాటన్నిటికీ డబ్బులెందుకురా, షేవింగ్ బ్లేడ్ ఉందిగా." ఉంది, నిజమే. రెండు వైపులా పదునున్న ఆ బ్లేడ్ మందం 0.1 మిల్లీమీటరే, గట్టి చుక్క తగలగానే విల్లులా వంగి అవతలి అంచు వేలిలో దిగింది. నీళ్లలో వేలు తెగితే నొప్పి వెంటనే తెలియదు, ఎర్రగా పొగలా లేస్తుంటే తెలిసింది. వద్దు. దానికంటే ఇంట్లో ఉండే 18 మిల్లీమీటర్ల కట్టర్ బ్లేడ్ నయం, అర మిల్లీమీటర్ మందం ఉంటుంది, ఒకటే ముక్క బయటికి తీసి వాడితే అత్యవసరానికి పనికొస్తుంది. ఎక్కువ తీస్తే విరిచే గీతల దగ్గర టప్పున విరిగి ఇసుకలో పడుతుంది, ఆ ముక్కని వెతకడం ఇంకో పూట పని.

సక్కర్ చేప వేస్తే అదే తింటుందని షాపుల్లో చెప్తారు. గ్రీన్ స్పాట్‌ని అది ముట్టుకోదు. పైగా అడుగు దాటి పెరుగుతుంది, అప్పుడు పట్టక చాలామంది దాన్ని తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు, ఆ పని దయచేసి చెయ్యకండి. నెరైట్ నత్తలు కొంత తింటాయి, బదులుగా గాజంతా నువ్వుల్లాంటి తెల్ల గుడ్లు అంటిస్తాయి, మంచినీళ్లలో ఆ గుడ్లు పొదగవు, ఊడవు కూడా. వాటిని గీకడానికి మళ్లీ బ్లేడే.

నా లెక్క ఇది: గాజు ట్యాంక్, మంచినీళ్లు, గట్టిపడిన చుక్కలు ఉంటే కార్బన్ స్టీల్, ఒక్కో బ్లేడ్‌ని మూడు నాలుగుసార్లకి మించి వాడకుండా. పది బ్లేడ్ల ప్యాకెట్‌కి నాకు రెండు ప్లేట్ల ఇడ్లీ డబ్బులు కూడా కాలేదు, అందులో పిసినారితనం చేసి మొద్దు బ్లేడ్‌తో గాజుని కష్టపెట్టడం ఎందుకు. కడిగి ఆరబెట్టే ఓపిక లేదు, మర్చిపోయే రకం అంటే స్టెయిన్‌లెస్ తీసుకుని బ్లేడ్ మాత్రం తరచూ మార్చండి, పిడి ఎంత ఖరీదైనదైనా గీకేది పదునే. వారం వారం చేసేవాళ్లకి, యాక్రిలిక్ వాళ్లకి ప్లాస్టిక్. నేను కార్బన్‌కీ మెట్రో కార్డుకీ మధ్యే తిరుగుతున్నా, పొడుగు పిడి స్టెయిన్‌లెస్‌ది మాత్రం పై ఫ్లోర్ సార్ దగ్గరే ఉంది, ఇచ్చినప్పుడు ఇస్తారు.

గీకాక చుక్కల పెళ్లలు అడుగున చేరతాయి, పావుగంట ఆగి సైఫన్ పైపుతో లాగేసి, ఆ నీళ్లతోనే పాతిక శాతం మార్పు కానిచ్చేస్తే ఒకే దెబ్బకి రెండు పనులు. పోసేది కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరిచే మందు వెయ్యడం మర్చిపోకండి. ఎండ పడే కిటికీకి మందం కర్టెన్ కట్టి, లైట్‌ని రోజుకి 11 గంటల నుంచి 7 గంటలకి తగ్గించాక నాకు చుక్కలు సగానికి సగం తగ్గాయి. మొక్కల ట్యాంక్ పెట్టేవాళ్లు నీళ్లలో ఫాస్ఫేట్ మరీ తక్కువైనా ఈ చుక్కలు వస్తాయంటారు, మొక్కలు ఎక్కువున్న ట్యాంక్ అయితే అదీ చూసుకోవచ్చు.

వాడేసిన బ్లేడ్లు మాత్రం ఊరికే చెత్తబుట్టలో వెయ్యకండి. మా వీధికి వచ్చే చెత్త ఆటో అక్క తడి చెత్త, పొడి చెత్త చేత్తోనే వేరు చేస్తుంది, గ్లవ్స్ ఉన్నా అవి ఎంత మందం ఉంటాయి. నేను అంచుకి టేప్ చుట్టి పాత బిస్కెట్ రేకు డబ్బాకి మూతలో చీలిక పెట్టి అందులో వేస్తున్నా. రెండేళ్లయింది, ఇంకా సగం కూడా నిండలేదు.