దోమలను శబ్దంతో తరిమే బ్యాండు: దయచేసి ఎవరూ కొనకండి

చేతికి కట్టుకుంటే చాలు, మనిషికి వినిపించని శబ్దంతో దోమలను తరిమేస్తుందంటూ అమ్ముతున్న ఆ బ్యాండును దయచేసి ఎవరూ కొనకండి. ఆ ప్రకటన చూసినవారికి నేను ఎవరి గురించి చెబుతున్నానో ఇట్టే అర్థమవుతుంది. రసాయనం లేదు, వాసన లేదు, పిల్లలకు పూర్తిగా క్షేమం అన్న మాటలు నమ్మి, నాకొకటి, మా ఆరేళ్ల పాపకొకటి తెప్పించాను.

నిన్న చీకటి పడే వేళకు ఆరుబయట కూర్చున్నాం. కాసేపటికే పాప దురదగా ఉందని చెయ్యి చాపింది. ఫోను లైటు వేసి చూస్తే, ఆకుపచ్చ దీపం వెలుగుతున్న ఆ బ్యాండుకు వేలెడు దూరంలో, మణికట్టు మీద ఒక దోమ వెనక కాళ్లు పైకెత్తి కదలకుండా కూర్చుని ఉంది. దాని పొట్ట నా కళ్లముందే ఎర్రగా ఉబ్బుతోంది. లోపలికి తీసుకెళ్లి చూస్తే ఆ ఒక్క చేతి మీదే పదకొండు దద్దుర్లు తేలాయి.

ఫొటోలు పంపి డబ్బు వెనక్కి ఇమ్మని అడిగాను. "కొందరి రక్తం దోమలకు రుచిగా ఉంటుంది మేడమ్, దానికి మేము బాధ్యులం కాము, విప్పిన వస్తువు వాపసు తీసుకోము" అని జవాబు వచ్చింది. డబ్బు పోయిందన్న బాధ కంటే, తప్పును పసిపిల్ల రక్తం మీదకు నెట్టిన ఆ మాటే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

దోమ మనల్ని వెతుక్కుంటూ వచ్చేది రక్తం రుచి తెలిసి కాదు. గుడ్ల కోసం రక్తం కావలసిన ఆడదోమ, మనం వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును నోటి పక్కనున్న స్పర్శాంగాలతో పదుల మీటర్ల దూరం నుంచే పసిగట్టి గాలికి ఎదురుగా ఎగురుతూ వస్తుంది; దగ్గరపడ్డాక చెమటలోని లాక్టిక్ ఆమ్లం, అమ్మోనియా, చర్మం మీది సూక్ష్మజీవుల వల్ల పుట్టే ఆమ్లాల వాసన, ముదురు రంగు ఆకారం, చివరికి ఒంటి వేడి, తేమ దాన్ని చర్మం దాకా తెచ్చి వాలుస్తాయి. ఈ దారిలో ఆ బ్యాండు అడ్డుకునేది ఒక్కటీ లేదు. మగదోమ రెక్కల చప్పుడు వింటే ఆడదోమ పారిపోతుందని పెట్టె మీద రాశారు. ఆ చప్పుడు కొన్ని వందల హెర్ట్జ్‌లలో మన చెవికి వినిపించేదే గానీ, 20,000 హెర్ట్జ్‌లు దాటిన అతిధ్వని కాదు. పైగా రెక్కల చప్పుడును బట్టి వెంటపడేది మగదోమ. ఇలాంటి పరికరాల మీద ఆరుబయట జరిగిన పరీక్షలన్నిటినీ 2007లో, వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష పరిశీలించి, అవి దోమకాటును ఆపడం లేదని తేల్చింది. 2001లోనే, వినియోగదారులను మోసాల నుంచి కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటివి తయారుచేసే, అమ్మే 60కి పైగా సంస్థలను హెచ్చరించింది. కొనే ముందు పది నిమిషాలు వెతికి ఉంటే ఇదంతా నాకు కనిపించేది. వెతకకుండా పాప చేతికి కట్టాను, ఆ తప్పు నాదే.

రసాయనం అన్న మాటకు భయపడి నేను పక్కనపెట్టిన డీట్ 1944లో సైనికుల కోసం తయారై, 1957 నుంచి మామూలు జనం వాడుతున్న, దోమలు కుట్టకుండా ఒంటికి రాసుకునే మందు. అది దోమను చంపదు. మన వాసనను పోల్చుకోనివ్వకుండా దాన్ని తికమకపెడుతుంది, వాలినా కాళ్లకు తగిలి ఎగిరిపోయేలా చేస్తుంది. అయితే దాని ప్రభావం పూసిన చోటికే పరిమితం, వేలెడు చర్మం వదిలేసినా దోమ అక్కడే కుడుతుంది. అందుకే మందులో తడిపిన బ్యాండులు కూడా ఒళ్లంతటినీ కాపాడలేవు.

ఆరుబయటకు వెళ్లేవారు డీట్ గానీ, అలాగే ఒంటికి రాసుకునే మరో మందు పికారిడిన్ గానీ ఉన్నది, దాని శాతం స్పష్టంగా రాసి ఉన్నది చూసి కొనండి. డీట్ 10 శాతముంటే సుమారు రెండు గంటలు, 20 నుంచి 30 శాతముంటే అంతకంటే చాలాసేపు పనిచేస్తుంది. సన్‌స్క్రీన్ వాడితే ముందు అది రాసి, ఆరాక ఇది రాయండి. పిల్లల అరచేతులకు, కళ్ల దగ్గర, గాయాల మీద రాయకండి. నిమ్మవాసన యూకలిప్టస్ నూనెతో చేసినవి మూడేళ్లలోపు పిల్లలకు వద్దు. ఆ బ్యాండు ఇప్పటికే చేతికి అందినవారు పెట్టె విప్పకుండానే వెనక్కి పంపండి, విప్పితే మాత్రం తీసుకోరు.