వంట యాపిల్: బ్రామ్లీనా, గ్రెనడియరా?

ఇంగ్లండ్‌లో పెరట్లో ఒకే వంట యాపిల్ చెట్టుకు చోటుంటే చాలామంది బ్రామ్లీ కొనేస్తారు. 1809లో నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్‌లో నాటిన గింజ నుంచి వచ్చిన రకమిది. రుచికి తిరుగులేదు, కానీ చెట్టు బాగా పెద్దగా పెరుగుతుంది. చిన్న పెరడైతే ఎం26 లాంటి పొట్టి వేరుమూలంపై అంటు కట్టిన మొక్కే తీసుకోవాలి.

అసలు చిక్కు పుప్పొడితో. బ్రామ్లీ ట్రిప్లాయిడ్ (మూడు జతల క్రోమోజోములున్న రకం), దాని పుప్పొడి పక్క చెట్టుకు పనికిరాదు. అందుకే బ్రామ్లీకీ, దానికి పుప్పొడినిచ్చే చెట్టుకీ కూడా కాయలు పట్టాలంటే దగ్గర్లో అదే సమయంలో పూసే రకాలు ఇంకో రెండుండాలి. కొంత కాపు కొమ్మ చివర్లలో వస్తుంది కాబట్టి చలికాలంలో కొసలన్నీ కత్తిరిస్తే కాయలు తగ్గుతాయి. నీళ్లు ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ అయితే కాల్షియం అందక కాయపై గోధుమరంగు గుంటలు పడతాయి. తేమ నిలిచేలా చెట్టు మొదలు చుట్టూ మల్చింగ్ (ఆకులు, గడ్డి లాంటి పొర) వేయండి.

గ్రెనడియర్ చెట్టు చిన్నది, మచ్చతెగులును బాగా తట్టుకుంటుంది, బ్రామ్లీకి మంచి పుప్పొడినిస్తుంది. ఆగస్టులోనే కోతకొస్తుంది, కానీ నిలవ ఉండదు. అక్టోబరులో కోసిన బ్రామ్లీ, చల్లని చోట ఒకదానికొకటి తగలకుండా పేరిస్తే, వసంతం దాకా ఆగుతుంది.

రెండూ ఉడికితే మెత్తటి గుజ్జే. అరకిలో ముక్కలకు రెండు చెంచాల నీళ్లు చాలు; ఎక్కువైతే జావైపోతుంది. పప్పులో మామిడికాయకు బదులు వేస్తే, పప్పు ఉడికాక చివర్లో వేయండి.

చోటు ఉంటే రెండూ, లేకపోతే గ్రెనడియర్. బ్రామ్లీలు దుకాణంలో ఎటూ దొరుకుతాయి.